ఇంటి తోటకు నమ్మకమైన ల్యాండ్‌స్కేప్ గార్డెనర్‌ను ఎంచుకోవడం ఎలా

తోట పని బాగా జరిగిందో లేదో పని ముగిసిన రోజున తెలియదు. గోడకు వేసిన రంగును మరునాడే చూసి మంచిచెడ్డలు చెప్పవచ్చు. నాటిన మొక్క నిలదొక్కుకున్నదో లేదో చెప్పాలంటే ఏడాదిలోని అన్ని కాలాలూ దాని మీదుగా గడవాలి. అప్పగింత రోజున దట్టంగా, పచ్చగా కళ్లకు పండుగ చేసిన తోటే కొన్ని నెలల్లో పసుపు తిరిగి, ఒక్కొక్క మొక్కే ఎండిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. లోపం చాలావరకు మట్టి కింద, అంటే కంటికి కనిపించని చోట ఉంటుంది. కాబట్టి ల్యాండ్‌స్కేప్ గార్డెనర్‌ను ఎంచుకునేటప్పుడు వారు చూపించే అందమైన ఫోటోల కంటే, నేల కింద ఏమి చేస్తారు, నాటిన తరువాత ఎంతకాలం బాధ్యత వహిస్తారు అన్న రెండు విషయాల మీదే మీ దృష్టి నిలవాలి. కింది దశలన్నీ ఆ రెండింటిని తేల్చుకోవడానికి ఉద్దేశించినవే.

మొదటి దశ: ఎవరినీ పిలవకముందే మీ స్థలాన్ని తెలుసుకోండి

తన స్థలం గురించి తెలిసిన యజమానితో మాట్లాడేటప్పుడు గార్డెనర్ కూడా జాగ్రత్తగా మాట్లాడతారు. అందువల్ల ముందుగా కొద్ది రోజులు స్థలాన్ని గమనించండి. ఉదయపు ఎండ ఎక్కడ పడుతుంది, మధ్యాహ్నం ఏ మూల మండిపోతుంది, ఎక్కడ రోజంతా నీడ ఉంటుంది అన్నది ఒక కాగితం మీద గీసి పెట్టుకోండి. పచ్చిక రకాల్లో చాలావాటికి రోజుకు ఆరు గంటలకు తగ్గకుండా నేరుగా ఎండ కావాలి. అంత ఎండ రాని చోట లాన్ వేస్తామని ఎవరైనా ఉత్సాహంగా ముందుకు వస్తే, ఆ ఉత్సాహాన్ని అనుమానించడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

తరువాత నీరు ఇంకే తీరును పరీక్షించండి. సుమారు 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గల గుంత తవ్వి నీటితో నింపండి. ఆ నీరు పూర్తిగా ఇంకిన తరువాత మరోసారి నింపి, గంటకు మట్టం ఎంత దిగుతుందో స్కేలుతో కొలవండి. గంటకు రెండున్నర నుంచి ఏడున్నర సెంటీమీటర్ల వరకు దిగితే అధిక శాతం మొక్కలకు ఆ నేల అనుకూలంగా ఉన్నట్లే. అంతకంటే తక్కువ దిగితే వేర్ల దగ్గర నీరు నిలిచి, అవి కుళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. ఏ ఖరీదైన మొక్క తెచ్చినా ముందు నిలిచిన నీరు బయటికి పోయే ఏర్పాటు చేయాల్సిందే. ఇల్లు కొత్తగా కట్టినదైతే రెండు మూడు చోట్ల తవ్వి చూడటం మరింత అవసరం, ఎందుకంటే నిర్మాణ సమయంలో మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు చాలాసార్లు పైపైన మట్టి కప్పుకుని అక్కడే ఉండిపోతాయి. సిమెంటులోని సున్నపు గుణం మట్టి క్షారతను పెంచుతుంది. చాలా తోట మొక్కలు ఉదజని సూచిక (పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత) 6కు, 7కు మధ్య ఉన్న నేలలోనే హాయిగా పెరుగుతాయి.

నీటి లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు పెడితే అది సరిగ్గా ఒక లీటరు అవుతుంది. ఎండాకాలంలో పచ్చికకు వారానికి 25 మిల్లీమీటర్లు కావాలనుకుంటే, 100 చదరపు మీటర్ల లాన్ వారానికి 2,500 లీటర్లు తాగుతుంది. అంత నీరు మీ ఇంట్లో ఏడాది పొడవునా ఉంటుందా అన్న ప్రశ్నకు సమాధానం మీరే చెప్పగలరు, గార్డెనర్ చెప్పలేరు. ఉండదని తేలితే లాన్ విస్తీర్ణం తగ్గించి, తక్కువ నీటితో బతికే పొదలకు, నేలను కప్పే మొక్కలకు చోటు ఇవ్వడం మంచిది.

మేడ మీద తోట ఆలోచన ఉంటే ఈ దశలోనే ఆగి, స్ట్రక్చరల్ ఇంజినీరు అభిప్రాయం తీసుకోండి. తడిసిన మట్టి ఒక ఘనపు మీటరు బరువు ఇంచుమించు 1,600 నుంచి 2,000 కిలోల వరకు ఉంటుంది. అంటే ఒక చదరపు మీటరు స్లాబు మీద 30 సెంటీమీటర్ల మందాన మట్టి పోస్తే దాదాపు 500 నుంచి 600 కిలోల బరువు పడుతుంది. స్లాబు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా "ఏం ఫర్వాలేదు, చేసేద్దాం" అనే వ్యక్తికి ఆ పని అప్పగించకండి.

రెండవ దశ: మీకు కావలసింది ఎవరో తేల్చుకోండి

తోట పనివారందరినీ మనం ఒకే పేరుతో పిలుస్తాం కానీ, వారి పనులు వేరు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు స్థలాన్ని కొలిచి, నక్షా గీసి, పనిని పర్యవేక్షిస్తారు. ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరు మనుషులను, సామగ్రిని తెచ్చి ఆ నక్షాను అమలు చేస్తారు. మాలి రోజువారీగా నీరు పెట్టి, కలుపు తీసి, కత్తిరింపులు చేసి తోటను నిలబెడతారు. చిన్న పెరడుకు అనుభవమున్న కాంట్రాక్టరు ఒక్కరే నక్షా, పని రెండూ చూసుకోగలరు. స్థలం బాగా ఏటవాలుగా ఉండి మట్టిని ఆపే గోడలు కట్టవలసి వచ్చినా, వాననీరు ఇంటి వైపు వస్తున్నా, నక్షాకు వేరుగా రుసుము చెల్లించడం వృథా ఖర్చు కాదు. అదే నక్షాను చేతిలో పెట్టుకుని ముగ్గురు కాంట్రాక్టర్లను ధర అడగవచ్చు.

మూడవ దశ: పేర్లు సేకరించండి

మీ నేలలాంటి నేలలోనే ఏళ్ల తరబడి బాగున్న తోటల యజమానులను అడగండి. మొక్కలు కొనే నర్సరీలో అడగవచ్చు కానీ, నర్సరీవారు తమ దగ్గర ఎక్కువ కొనేవారి పేరే ముందుగా చెప్పే అవకాశం ఉందని గుర్తుంచుకోండి. అందరూ మరిచిపోయే మనిషి ఒకరున్నారు: ఇతరులు వేసిన తోటలను రోజూ సంరక్షించే మాలి. ఎవరు వేసిన తోటలో మొక్కలు నిలుస్తాయో, ఎవరు పాతిన పైపులు ఏడాదికే పగులుతాయో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ముగ్గురి పేర్లు చాలు. అంతకంటే ఎక్కువైతే పోల్చుకోవడమే కష్టమవుతుంది.

నాలుగవ దశ: మొదటి రాకలో వారు ఏమి అడుగుతారో వినండి

మొదటిసారి స్థలం చూడటానికి వచ్చినప్పుడు మీరు చెప్పేది తగ్గించి, వారు అడిగేది వినండి. పని తెలిసిన గార్డెనర్ కుళాయి ఎక్కడుంది, వాన పడితే నీరు ఎటు పోతుంది, ఇంట్లో చిన్న పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్నాయా, రోజూ తోటను చూసేదెవరు అని అడుగుతారు. వంగి కాస్త మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూస్తారు. వచ్చీ రాగానే మొక్కల ఫోటోలు తెరిచి "ఇది పెడదాం, అది పెడదాం" అని మొదలుపెట్టేవారి దగ్గర అభిరుచి ఉండవచ్చు, కానీ మీ స్థలం గురించిన ఆలోచన ఇంకా మొదలు కాలేదు.

మీరు తప్పక వేయవలసిన ప్రశ్న ఒకటుంది: "మా స్థలంలో ఏ మొక్కలు పెట్టవద్దంటారు, ఎందుకు?" ఏది పెట్టాలో ఎవరైనా చెప్పగలరు, ఏది వద్దో చెప్పడానికి అనుభవం కావాలి. మర్రి, రావి జాతి చెట్లను గోడలకు, మురుగు పైపులకు దగ్గరగా నాటకూడదని, పాకే స్వభావం గల వెదురుకు నేలలో గట్టి అడ్డు లేకపోతే అది పక్కవారి స్థలంలోకీ వెళుతుందని, గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషపూరితమే కనుక పసిపిల్లలున్న ఇంట్లో ఆలోచించాలని చెప్పగలిగే వ్యక్తి దొరికితే, వారిని మీ జాబితాలో పైకి చేర్చండి.

ఐదవ దశ: వారు వేసిన పాత తోటను స్వయంగా చూడండి

ఈ మొత్తం వ్యవహారంలో దేనికైనా సమయం లేక వదిలేయవలసి వస్తే మరేదైనా వదిలేయండి కానీ, ఈ దశను వదలకండి. గత నెలలో పూర్తిచేసిన తోటను చూపించడానికి అందరూ సిద్ధంగా ఉంటారు. మీరు అడగవలసింది కనీసం రెండేళ్ల కిందట వేసిన తోట. అలాంటిదేదీ చూపించలేనివారు వృత్తికి కొత్తవారైనా కావాలి, లేదా వారి తోటలు నిలవకపోయినా ఉండాలి. కొత్తవారైతే ఆ మాట తెరిచి చెప్పి, చిన్న పనితో మొదలుపెడదామంటారు. అది గౌరవించదగిన జవాబే.

అక్కడికి వెళ్లినప్పుడు పువ్వుల కంటే ముందు చెట్ల మొదళ్లను చూడండి. సరిగా నాటిన చెట్టు కాండం నేలను తాకే చోట కొద్దిగా వెడల్పై వేర్లుగా విచ్చుకుంటూ కనిపిస్తుంది. కాండం పాతిన కర్రలాగా ఏ మార్పూ లేకుండా తిన్నగా మట్టిలోకి దిగిపోతే దాన్ని లోతుగా నాటారని అర్థం. అలాంటి చెట్టు వెంటనే చావదు. కొన్నేళ్లు నీరసంగా బతికి, కారణం ఎవరికీ అంతుపట్టకుండా ఎండిపోతుంది. మొదలు చుట్టూ ఎరువునో, ఎండుటాకులనో కుప్పగా ఎగదోసి ఉన్నా అదే పొరపాటు, ఎందుకంటే ఎప్పుడూ తడిగా ఉండే బెరడుకు కుళ్లు పడుతుంది.

పొదలు ఒకదాని మీద ఒకటి పడి పెనుగులాడుతున్నాయేమో గమనించండి. అప్పగింత రోజున నిండుగా కనిపించాలని కొందరు అవసరమైన దానికి రెండింతల మొక్కలు నాటుతారు. వాటి ధర మీరే చెల్లిస్తారు, రెండేళ్ల తరువాత సగం పీకించడానికీ మీరే చెల్లిస్తారు. నడక దారిలో పేవర్ బ్లాకులు కుంగాయా, నీరు నిలిచిన మరకలున్నాయా, డ్రిప్ పైపుల చివర మొక్కలు మొదటి మొక్కలంత పచ్చగా ఉన్నాయా అని కూడా చూడండి.

ఆ ఇంటివారితో గార్డెనర్ పక్కన లేనప్పుడు మాట్లాడండి. మొదటి ఏడాది ఎన్ని మొక్కలు పోయాయి, చెబితే వచ్చి చూశారా, చివరి లెక్క ముందు చెప్పిన దానికంటే ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది అని అడగండి. మొక్కలు పోవడం తప్పు కాదు, ప్రతి తోటలోనూ కొన్ని పోతాయి. పోయినప్పుడు ఆ మనిషి ఎలా ప్రవర్తించారన్నదే మీకు కావలసిన సమాచారం.

ఆరవ దశ: కొటేషన్లను కొలతలతో పోల్చండి

ముగ్గురికీ ఒకే నక్షా, ఒకే పనుల జాబితా ఇచ్చి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. "తోట పని మొత్తం ఇంత" అని గుత్తగా రాసిన ఒక్క వాక్యం కొటేషన్ కాదు. మొక్కల వరుసలో ప్రతి మొక్క శాస్త్రీయ నామం, ఎత్తు, సంచి లేదా కుండీ పరిమాణం, సంఖ్య, మొక్కకు మొక్కకు మధ్య దూరం ఉండాలి. వాడుక పేరు ఒకటే అయినా రకాలు వేరు కావచ్చు; అదే మొక్క అరచేతంత సంచిలో ఒక ధర, పెద్ద సంచిలో మరొక ధర ఉంటుంది.

మట్టి విషయంలో "రెండు లారీలు", "నాలుగు ట్రాక్టర్లు" అన్న మాటలను అంగీకరించకండి, ఘనపు మీటర్లలో రాయమనండి. లెక్క సులభమే. 100 చదరపు మీటర్ల లాన్‌కు 15 సెంటీమీటర్ల మందాన మంచి మట్టి కావాలంటే 100ను 0.15తో గుణించగా వచ్చే 15 ఘనపు మీటర్లు కావాలి. పోసిన మట్టి తడిసి కుంగుతుంది కనుక దాని మీద కొంత అదనంగా ఉండాలి. పొదలున్న చోట మంచి మట్టి 45 సెంటీమీటర్ల లోతు వరకైనా ఉండటం మేలు. ధర అనుమానించదగినంత తక్కువగా ఉన్న కొటేషన్‌లో మొదట ఈ మట్టి మందాన్నే చూడండి. పచ్చిక పరిచాక కింద అయిదు సెంటీమీటర్లున్నాయో పదిహేనున్నాయో పైనుంచి ఎవరికీ కనిపించదు కాబట్టి, పొదుపు అక్కడే జరుగుతుంది.

ఇంకా డ్రిప్ పైపుల వ్యాసం, గంటకు ఎన్ని లీటర్ల చొప్పున నీరు వదిలే డ్రిప్పర్లు, ఫిల్టరు ఉందా లేదా అన్నవి రాయించండి. ఫిల్టరు లేని డ్రిప్ త్వరగా పూడుకుపోతుంది. నడక దారి కింద గట్టిగా దిమ్మిస కొట్టిన కంకర పొర కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి, కారు వెళ్లే చోట అంతకంటే ఎక్కువ కావాలి. తోట దీపాలుంటే 12 వోల్టుల రకం సురక్షితం. ఆ దీపాలకు ఇంటి నుంచి కరెంటు ఇచ్చే మెయిన్ లైనుకు 30 మిల్లీయాంపుల కరెంటు లీకేజీకే ఆగిపోయే బ్రేకరు పెట్టించండి. రవాణా, చెత్త తరలింపు ఎవరి ఖర్చో స్పష్టం కావాలి.

ఏడవ దశ: ఒప్పందం, చెల్లింపులు

మాట మీద నమ్మకం ఉన్నా కాగితం రాసుకోండి; అది ఇద్దరికీ రక్షణ. పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ప్రతి రోజూ పని దగ్గర ఉండి బాధ్యత వహించే వ్యక్తి పేరు, పనివారికి గాయమైతే వైద్య ఖర్చు లేదా బీమా ఎవరిది, ఉన్న చెట్లు కొట్టడానికి స్థానిక సంస్థల అనుమతి అవసరమైతే ఎవరు తీసుకోవాలి అన్నవి అందులో ఉండాలి. మధ్యలో వచ్చే ప్రతి మార్పుకూ ధర ముందుగా రాసి, ఇద్దరూ సంతకం చేసిన తరువాతే పని జరగాలి. ఖర్చు అదుపు తప్పేది ఎక్కువగా నోటిమాట మీద కలిపిన పనుల వల్లే.

అడ్వాన్సు మొదటి విడత సామగ్రికి సరిపడేంత ఉంటే చాలు. సగానికి సగం ముందే అడిగేవారిని కారణం అడగండి. తరువాతి చెల్లింపులను తేదీలకు కాకుండా పూర్తయిన పనులకు ముడిపెట్టండి: నేల చదును, పైపుల పరీక్ష, దారులు, మట్టి, నాటడం. చివరి పది శాతం మొక్కలు నిలదొక్కుకునే వరకు మీ దగ్గర ఉండాలి. ఆ గడువు ఆరు నెలలైతే న్యాయం, ఏడాది అయితే మరీ మంచిది. చనిపోయిన మొక్కకు బదులు కొత్తది ఉచితంగా నాటాలని రాస్తూనే, నీరు పెట్టే బాధ్యత మీదైతే దాన్ని మీరు నెరవేర్చాలని కూడా రాయండి. నీరు పెట్టని యజమాని మొక్కకు గార్డెనర్‌ను బాధ్యులను చేయడం అన్యాయం.

ఎనిమిదవ దశ: పని జరిగేటప్పుడు

పనికి ఒక వరుస ఉంది: కూల్చివేత, నేల చదును, భూమిలో పైపులు, కేబుళ్లు, ఆపై దారులు, గోడలు, తరువాత మట్టి, పెద్ద చెట్లు, పొదలు, అన్నిటికీ చివర పచ్చిక. ఎవరైనా లాన్ ముందే పరిచి, ఆ మీద నుంచి కంకర మోయిస్తుంటే పని అక్కడే ఆపించండి.

పైపుల కాలువలు పూడ్చకముందే వాటి పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. ఎప్పుడో గునపం దిగి పైపు పగిలే ప్రమాదాన్ని ఆ ఫోటోలే తప్పిస్తాయి. చప్టాలకు, దారులకు ఇంటి నుంచి బయటికి మీటరుకు కనీసం రెండు సెంటీమీటర్ల వాటం ఉండాలి. గోడను ఆనుకుని మట్టి పోసేటప్పుడు పునాది మీద ఉన్న తేమ నిరోధక పొరకు 15 సెంటీమీటర్లు దిగువనే ఆపాలి, లేకపోతే గోడలోకి చెమ్మ ఎక్కుతుంది. సిమెంటు కలిపిన తట్టలను మొక్కలు నాటబోయే చోట కడగనివ్వకండి.

మొదటి రెండు మూడు మొక్కలు నాటేటప్పుడు దగ్గరే ఉండండి. గుంత, వేర్లతో ఉన్న మట్టిముద్ద వెడల్పుకు రెండు మూడు రెట్లు ఉండాలి కానీ, లోతు మాత్రం ఆ ముద్ద ఎత్తును మించకూడదు. ప్లాస్టిక్ సంచిని పూర్తిగా తీసేయాలి. కుండీలో గుండ్రంగా చుట్టుకుపోయిన వేర్లను విప్పడమో, కత్తిరించడమో చేయకపోతే అవి నేలలో కూడా అలాగే చుట్టుకుని చెట్టును ఉరివేస్తాయి. పైన అయిదు నుంచి పది సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు, బెరడు ముక్కలు కప్పవచ్చు, కాండానికి తగలకుండా. ఈ మొదటి మొక్కల దగ్గర మీ శ్రద్ధ చూసిన పనివారు మిగిలినవాటినీ అలాగే నాటుతారు.

తొమ్మిదవ దశ: అప్పగింత, ఆ తరువాత

అప్పగింత రోజున ప్రతి కుళాయినీ, ప్రతి దీపాన్నీ వేసి చూడండి. డ్రిప్ నడిపించి చివరి మొక్క వరకు నీరు చేరుతోందో పరిశీలించండి. పైపులు వెళ్లిన దారి గీసిన పటం, మొక్కల జాబితా, కాలానికి తగినట్లు నీరు ఎప్పుడు ఎంత పెట్టాలో, కత్తిరింపు ఏ నెలలో చేయాలో రాసిన కాగితం తీసుకోండి. రోజూ తోట చూసే మాలిని ఆ రోజే పిలిచి, గార్డెనర్ చేత అన్నీ చూపించండి. కొత్త చెట్లు వేర్లు విస్తరించుకోవడానికి మొదటి ఏడాది, కొన్నిటికి రెండో ఏడాది కూడా క్రమం తప్పని నీరు కావాలి కనుక, గడువులోపల గార్డెనర్ నెలకొకసారైనా వచ్చి చూసేటట్లు తేదీలు ముందే ఖాయం చేసుకోండి.

గడువు ముగిసే వారంలో మొక్కల జాబితా చేతిలో పట్టుకుని ఇద్దరూ కలిసి తోటంతా తిరగండి. బతికినవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి గుర్తు వేయండి. ఎండిపోయినవాటి స్థానంలో అదే పరిమాణంలో కొత్తవి నాటించి, వాటికి మరో గడువు రాయించుకుని, ఆ తరువాత చివరి పది శాతం చెల్లించండి.